దొరవారి కాగితాల్లో ఒక చలికాలం

ఇంగ్లండ్‌లోని రోథరమ్‌లో మేజిస్ట్రేట్ల సమావేశం జరుగుతోంది. చుట్టుపక్కల ఊళ్ల భూస్వాములే ఆ మేజిస్ట్రేట్లు. ప్రభుత్వ చర్చికి రాకుండా విడిగా ప్రార్థనలు చేసుకునేవాళ్ల మీద కేసులు పెట్టడం గురించి మాటామాటా పెరిగింది. ఇలా చేయడం చట్టానికి విరుద్ధం అన్నాడు ఒకాయన. నీకు పొగరెక్కువైంది అన్నాడు ఇంకొకాయన. నీకే సిగ్గు లేదు అని మొదటాయన తిరిగి అనేసరికి, రెండో ఆయన బల్ల మీదున్న సీసపు సిరాబుడ్డి తీసి మొహం మీదికి విసిరాడు. అంచు తగిలి చెంప పూర్తిగా తెగింది. ఇద్దరూ కత్తులు దూశారు. మిగతావాళ్లు అడ్డం పడి ఆపి, తర్వాత రాజీ కుదిర్చారు.

ఈ సంగతి దెబ్బ తిన్నాయన ఫిర్యాదులో చదవలేదు నేను. విసిరినాయనే తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నాడు, అదీ రాత్రి వాన పడింది అన్నంత మామూలుగా. దెబ్బ తిన్నది బ్రూమ్‌హాల్‌కు చెందిన ఫ్రాన్సిస్ జెసప్. విసిరింది థ్రైబర్గ్‌కు చెందిన సర్ జాన్ రెరెస్‌బీ. ఇది 1680ల తొలి ఏళ్లలో జరిగింది. ఆ పేజీ చదివిన రాత్రే, ఒక చలికాలమంతా ఈయనతో గడపాల్సి వస్తుందని అర్థమైంది నాకు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నేను ఫార్మసిస్టుని. షెఫీల్డ్‌కి వచ్చి పదిహేనేళ్లు దాటింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక సాయంత్రాలు ఖాళీ దొరికి, స్థానిక చరిత్ర క్లాసులో చేరాను. అక్కడ ఏడాది చివర ఒక పని ఇస్తారు. ఇరవై మైళ్ల లోపల పుట్టి, మూడొందల ఏళ్ల కిందట పోయిన మనిషి ఒకరిని ఎంచుకోవాలి. కనీసం మూడు రకాల కాగితాలు చూసి వాళ్ల జీవితం రాయాలి. మా ఆయన కొలీగ్ ఒకసారి థ్రైబర్గ్ పార్క్‌లోని గోల్ఫ్ క్లబ్‌కి పిలిస్తే వెళ్లాం. వాళ్లు ఆడుతుంటే నేను ఊళ్లోని సెయింట్ లెనర్డ్ చర్చిలోకి దూరాను. లోపల గోడల మీద రెరెస్‌బీ వంశం వాళ్ల స్మారకాలు. ఇప్పుడా క్లబ్ ఉన్న భవనం పందొమ్మిదో శతాబ్దంలో వేరేవాళ్లు కట్టుకున్నది. రెరెస్‌బీలు ఉన్న ఇల్లు లేదు. పార్కు మాత్రం ఉంది. నా మనిషి అలా దొరికాడు.

మా తాతయ్య గుంటూరు జిల్లాలో కరణం. ఎవరి గురించి తెలుసుకోవాలన్నా ముందు వాడి భూమి ఎక్కడుందో చూడాలనేవాడు. నేనూ అక్కణ్నుంచే మొదలుపెట్టాను, మొదలుపెట్టి మొదటి వారంలోనే బోల్తా పడ్డాను. నోట్సులో రెరెస్‌బీని "జమీందారు" అని రాసుకున్నా. మన జమీందారు ప్రధానంగా సర్కారు తరఫున శిస్తు వసూలు చేసి, అందులో తన వాటా ఉంచుకుని, మిగతాది పైకి కట్టేవాడు. రెరెస్‌బీ అలాంటివాడు కాదు. భూమి తనది, కౌలు తనది, అందులో రాజుకి వాటా లేదు. పైగా ఆ భూమి ఉన్నందువల్లే ఆయన తన ప్రాంతానికి మేజిస్ట్రేటు. గొడవలొస్తే పిలిచే మిలీషియా వ్యవహారాల్లోనూ ఆయనే. 1666లో యార్క్‌షైర్ మొత్తానికి హై షెరిఫ్, అంటే అక్కడ రాజు తరఫు ముఖ్యాధికారి. ఆ పైన పార్లమెంటు సభ్యుడు. ఒకే మనిషి చట్టం చేస్తాడు, దాన్ని అమలు చేస్తాడు, శిక్షా వేస్తాడు. జీతం కోసం ఎవరూ ఇవన్నీ చేయలేదు. ఎస్టేటు ఉన్నవాడు చేయాల్సిన పనులు ఇవి, చేయకపోతే పరువు పోయే పనులు కూడా. అందుకని "జమీందారు" కొట్టేసి "భూస్వామి" అని పెట్టుకున్నాను. అదీ పూర్తిగా అతకలేదు గానీ, అంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు.

"సర్" ఎందుకొచ్చిందో కూడా వెతకాల్సి వచ్చింది. ఆయన బారనెట్. ఇది తండ్రి నుంచి పెద్దకొడుక్కి వచ్చే బిరుదు. 1611లో మొదటి జేమ్స్ రాజు డబ్బు కోసం పుట్టించి, 1095 పౌండ్లకి అమ్మిన సరుకు. బిరుదు ఉన్నా ప్రభువుల సభలో చోటు రాదు, కాబట్టి పార్లమెంటు దిగువ సభ కామన్స్‌కి పోటీ చేయొచ్చు. రెరెస్‌బీ తండ్రికి 1642లో మొదటి ఛార్లెస్ రాజు ఇచ్చాడు. ఆ ఏడే రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం మొదలైంది. ఎంత మంచి ముహూర్తమో చూడండి.

సర్ జాన్ 1634 ఏప్రిల్ 14న పుట్టాడు. తండ్రి రాజు పక్షం. 1644లో పార్లమెంటు వాళ్లకి పట్టుబడ్డాడు, 1646లో చనిపోయాడు. పన్నెండేళ్ల కుర్రాడికి బిరుదు, ఎస్టేటు, వాటితోపాటు అప్పులు వచ్చాయి. ఇదంతా మొదటి ముసాయిదాలో ఒక్క వాక్యంలో తేల్చేశాను నేను. అదెంత పొరపాటో తర్వాత తెలిసింది.

యుద్ధంలో రాజు ఓడిపోయి, పార్లమెంటు పక్షం నాయకుడు క్రామ్‌వెల్ ఏలిన కాలంలో ఇంగ్లండ్‌లో ఇలాంటి కుర్రాళ్లకి పనేం ఉండేది కాదు. 1654లో దేశం దాటి ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ తిరిగాడు. పారిస్‌లో ప్రవాసంలో ఉన్న రాణీతల్లి హెన్రియెట్టా మరియా కొలువులో చేరువయ్యాడు. ఆమె కూతురు హెన్రియెట్టాకి అప్పుడు పదిహేనేళ్లు. తోటలో రెండు చెట్లకి మోకు కట్టి వేసిన ఉయ్యాల మీద ఆ అమ్మాయి కూర్చుంటే తనే ఊపేవాణ్నని రాసుకున్నాడు. పుస్తకం మొత్తంలో ఆయన నిజంగా సంతోషంగా ఉన్నట్టు నాకనిపించిన చోటు అదొక్కటే. 1660లో రెండో ఛార్లెస్‌కి సింహాసనం తిరిగొచ్చింది. రెరెస్‌బీ రాణీతల్లి ఇచ్చిన సిఫారసు ఉత్తరంతో లండన్‌లో దిగాడు. ఆ ఉత్తరం విలువ ఆయనకి బాగా తెలుసు. ఢిల్లీలో ఎవరో ఒకరు తెలిసుండాలి అని మనవాళ్లు అంటారే, అదే లెక్క.

ఇక తారీకుల గొడవ. ఇది నన్ను నిజంగా ఏడిపించింది.

ఎక్సెల్‌లో ఒక షీటు చేసుకున్నాను, ఏ తేదీన ఆయన ఎక్కడున్నాడు, ఏ పదవిలో ఉన్నాడు అని. 1681 నవంబరులో మిడిల్‌సెక్స్, వెస్ట్‌మిన్‌స్టర్‌లకు మేజిస్ట్రేటుగా వేశారు. బాగుంది. కానీ థామస్ థిన్ హత్య కేసులో ఆయన మేజిస్ట్రేటుగా నిందితుల్ని పట్టుకున్నది 1681 ఫిబ్రవరి 12 అని రాసుంది. పదవి రావడానికి తొమ్మిది నెలల ముందే నేరస్థుణ్ని పట్టుకున్నాడా? రెండు రాత్రులు కూర్చున్నా. ముసలాయన అబద్ధం చెబుతున్నాడేమో, దొరికిపోయాడు అని సంబరపడ్డాను కూడా. మరుసటి క్లాసులో మా మాస్టారు షీటు చూసి నవ్వారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి వాళ్ల 1681 ఫిబ్రవరి, మన లెక్కలో 1682 ఫిబ్రవరి. జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న ప్రతి తేదీకీ ఒక ఏడాది కలుపుకోవాలి. మన ఉగాది కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది కదా, నాకు ముందే తట్టాల్సింది. షీటంతా మళ్లీ చేశాను.

తేదీ సర్దుకున్నాక ఆ హత్య కథ చదివితే ఊపిరాడలేదు. థిన్ అంటే లాంగ్‌లీట్ ఎస్టేటు యజమాని. ఏడాదికి పదివేల పౌండ్ల రాబడి ఉందని జనం "పదివేల టామ్" అనేవాళ్లు. పద్నాలుగేళ్ల ఎలిజబెత్ పెర్సీ అప్పటికే ఒకసారి విధవ, లెక్కలేనంత ఆస్తికి వారసురాలు. ఆమెని థిన్ పెళ్లి చేసుకున్నాడు, కాపురం మొదలవకుండానే ఆమె హాలండ్‌కి పారిపోయింది. ఆమెని చేసుకోవాలని చూసినవాడు ఇంకొకడున్నాడు, స్వీడన్ కౌంట్ కోనిగ్స్‌మార్క్. ఆ ఆదివారం రాత్రి పాల్‌మాల్ వీధిలో థిన్ బండిని ముగ్గురు గుర్రాల మీద వచ్చి ఆపారు. ఒకడు తుపాకీ పేల్చాడు. రాజు అక్రమ సంతానం మన్‌మత్ డ్యూక్ కొంచెంసేపటి క్రితం వరకూ అదే బండిలో ఉన్నాడు, అందుకని ఇది రాజకీయం అయికూర్చుంది.

రెరెస్‌బీ పడుకోబోతున్నాడు. థిన్ మనిషి వచ్చి వారంటు అడిగాడు. తర్వాత మన్‌మత్ దగ్గర్నుంచి కబురు. రాత్రంతా బండేసుకుని లండన్ వీధులు తిరిగారు. ఒకరిని పట్టుకుంటే ఇంకొకరి పేరు, వాళ్లని పట్టుకుంటే ఇంకొకరి ఆనవాలు. చివరికి లెస్టర్ ఫీల్డ్స్‌లో ఒక స్వీడన్ డాక్టరు ఇంట్లో కెప్టెన్ వ్రాట్స్ ఉన్నాడని తెలిసింది. గదిలోకి మొదట దూరింది రెరెస్‌బీనే. వ్రాట్స్ మంచం మీద ఉన్నాడు, కత్తి దూరంగా బల్ల మీద ఉంది. ముందు కత్తి తీసుకున్నాను, తర్వాత మనిషిని పట్టుకున్నాను అని రాశాడు. ఆ వరస చూడండి. ఆ మాట కోసమే ఆ పేజీ నాలుగుసార్లు చదివాను.

కోనిగ్స్‌మార్క్ కొన్ని రోజులకి గ్రేవ్‌జెండ్ రేవులో దొరికాడు. అతణ్ని తప్పించడానికి దారి చూపితే పెద్ద మొత్తం ముడుతుందని తనకి కబురొచ్చిందనీ, ఒప్పుకోలేదనీ రెరెస్‌బీ అంటాడు. ఇక్కడే నా అనుమానం. లంచం కాదన్న సంగతి ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుంటారు, తీసుకున్న సంగతి ఎవరూ రాయరు. అయితే విచారణలో కౌంట్ నిర్దోషిగా బయటపడ్డాడు, కింది మనుషులు ముగ్గుర్ని మార్చి 10న హత్య జరిగిన వీధిలోనే ఉరి తీశారు. లండన్ వెళ్లినప్పుడు వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో థిన్ సమాధి చూశాను. కింద పాలరాతి మీద ఆ బండి, గుర్రాలు, తుపాకీ మొత్తం చెక్కారు. చచ్చిన విధానాన్నే సమాధి మీద బొమ్మ వేసుకోవడం నేనింకెక్కడా చూడలేదు.

రాజకీయం దగ్గరికొస్తాను, అసలు నా వ్యాసానికి వెన్నెముక అదే. 1673లో ఆల్డ్‌బరో అనే చిన్న ఊరి నుంచి ఉపఎన్నికలో గెలిచాడు. ఆ ఊరికి ఇద్దరు సభ్యులు. ఓటు కొన్ని పాత ఇళ్ల హక్కుదార్లకేనా, పన్ను కట్టే ఊరి వాళ్లందరికీనా అన్నది ఎవరూ తేల్చలేదు. ఎవరి అభ్యర్థికి ఏది లాభమో వాళ్లు అదే పాత ఆచారం అనేవాళ్లు. ఆ తగాదా కామన్స్ సభ ముందుకెళ్లి, 1675లో గానీ రెరెస్‌బీ సీటు ఖాయం కాలేదు. 1679లో మళ్లీ గెలిచాడు, పిటిషన్ మీద మే నెలలో సీటు పోయింది. 1681లో మళ్లీ వచ్చాడు, 1685లో యార్క్ నగరం నుంచి. పోలింగు బూత్, బ్యాలెట్ పెట్టె ఏమీ లేవు. అందరి ముందూ నోటితో చెప్పే ఓటు. ఎవరి పొలంలో ఉంటూ ఎవరికి ఓటేశావో ఊరందరికీ తెలుస్తుంది.

మొదట్లో ఆయన రాజు ఖర్చుల్ని ప్రశ్నించే పక్షంలో ఉన్నాడు. 1677లో కోశాధికారి డాన్బీ, ఆయనా యార్క్‌షైర్ వాడే, పక్కకి పిలిచి మాట్లాడాడు, రాజు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత రెరెస్‌బీ ఓట్లు కొలువు వైపు. 1678లో బ్రిడ్లింగ్టన్ కోటకి గవర్నర్ పదవి వచ్చింది. 1679లో డాన్బీ జైలుపాలయ్యాడు, అయిదేళ్లు లండన్ టవర్‌లో ఉన్నాడు. రెరెస్‌బీ రాజు మంత్రుల్లో ఒకడైన హాలిఫాక్స్ ప్రభువు పంచన చేరాడు. 1682లో యార్క్ గవర్నర్ అయ్యాడు. హాలిఫాక్స్ 1685లో పదవి పోగొట్టుకున్నాడు, రెరెస్‌బీ పదవి మాత్రం కదల్లేదు. నా ముసాయిదాకి "ఏ ఎండకా గొడుగు" అని శీర్షిక పెట్టి, ఇంగ్లీషులో అర్థం వివరించి, గర్వంగా ఇచ్చాను.

మాస్టారు మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసి తిప్పి పంపారు: గొడుగు పట్టకపోతే ఏమయ్యేది?

జవాబు నేను ఒక్క వాక్యంలో తేల్చేసిన చోటే ఉంది. ఒకే పక్షాన గట్టిగా నిలబడ్డ తండ్రి బందీ అయి, అప్పులు మిగిల్చి పోయాడు. ఆ పన్నెండేళ్ల కుర్రాడు పెద్దయ్యాక, కింద భూమి జారిపోకుండా చూసుకోవడమే రాజకీయం అనుకున్నాడంటే ఆశ్చర్యం ఏముంది? పుస్తకంలో పార్లమెంటు చర్చల మధ్యలో హఠాత్తుగా థ్రైబర్గ్‌లో కట్టించిన గోడ, నాటించిన చెట్లు, బాగుచేయించిన ఇల్లు వచ్చిపడతాయి. మొదట అవి దాటేసేదాన్ని. రెండోసారి చదివినప్పుడు మిగతాదంతా వాటికోసమే అనిపించింది. శీర్షిక తీసేశాను.

మూడు రకాల కాగితాలు అన్నాను కదా. పుస్తకం ఒకటి. అది ఆయన పోయిన 45 ఏళ్లకి, 1734లో, కత్తిరింపులతో అచ్చయింది. నేను వాడింది 1936లో ఆండ్రూ బ్రౌనింగ్ సరిచూసి వేసిన ప్రతి. రెండోది పొయ్యి పన్ను జాబితా. 1662లో పెట్టిన పన్ను ఇది, ఇంట్లో ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు, రెండు వాయిదాల్లో. వసూలుకొచ్చినవాడు ఇంట్లోకి దూరి పొయ్యిలు లెక్కపెట్టేవాడు. జనానికి ఒళ్లు మండిపోయి, 1689లో రద్దు చేయాల్సి వచ్చింది. కానీ మాలాంటివాళ్లకి అది బంగారం. దొర ఇల్లే కాదు, ఒక్క పొయ్యి ఉన్నవాళ్ల పేర్లు కూడా అందులో ఉంటాయి.

మూడోది ఉత్తరాలు. రెరెస్‌బీ ఉత్తరాలు లీడ్స్ ఆర్కైవ్స్‌లో, మెక్స్‌బరో వంశం ఎస్టేటు కాగితాల్లో ఉన్నాయి. ముందుగా బుక్ చేసుకుని వెళ్లాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. బ్యాగు, కోటు లాకర్లో. స్పాంజి దిండు మీద కాగితం పెట్టి, పూసల దారం లాంటి మెత్తటి బరువు అంచున పెట్టి చదవాలి. నేను ఇరవై ఏళ్లుగా డాక్టర్ల చేతిరాత చదువుతున్నదాన్ని, ఇదెంత అనుకున్నా. మొదటి గంటలో నాలుగు లైన్లు. "ఎస్" అక్షరం "ఎఫ్" లాగా ఉంటుంది. ఒకే మనిషి ఒకే పేజీలో ఒకే మాటని మూడు రకాలుగా రాస్తాడు. మధ్యాహ్నానికి కిటుకు తెలిసింది. తెలియని మాట దగ్గర ఆగి గింజుకోకూడదు. తెలిసిన అక్షరాలతో ఒక వర్ణమాల తయారుచేసుకుని ముందుకుపోతే, కిందెక్కడో అదే మాట శుభ్రంగా దొరుకుతుంది. ఉత్తరాన్నే మడిచి కవరు చేసి లక్క వేసేవాళ్లు. ఆ మడతలూ, లక్క ఊడిన ఎర్రటి మరకా ఇంకా ఉన్నాయి. అక్కడ ఎక్కువగా ఉన్నవి ఆయన రాసినవి కావు, ఆయనకి వచ్చినవి. పక్కగదిలో ఎవరో ఫోన్ మాట్లాడుతుంటే ఒకవైపే వినబడ్డట్టు ఉంటుంది. అవతలివాళ్లు ఎంత వంగి రాశారో చూసి ఈయన పలుకుబడి ఏ నెలలో ఎంతుందో చెప్పేయొచ్చు.

పుస్తకంలో ఒకచోట ఆగిపోయాను. 1676. రెరెస్‌బీ ఇంట్లో పదహారేళ్ల నల్లజాతి కుర్రాడొకడు కొన్నేళ్లుగా పనిచేస్తున్నాడు. బార్బడోస్ నుంచి తెచ్చి, డ్రాక్స్ అనే పెద్దమనిషి బహుమతిగా ఇచ్చాడు. డ్రాక్స్‌లంటే అక్కడ చెరకు తోటల యజమానులు. ఆ కుర్రాడు తలలో చీముగడ్డ వల్ల చనిపోయాడని రెరెస్‌బీ రాశాడు. కొన్ని వారాలకి ఊళ్లో పుకారు లేచింది, దొరే వాణ్ని విత్తులు కొట్టించాడనీ, అందువల్లే చచ్చాడనీ. నేరం రుజువైతే దొర ఆస్తి జప్తు అవుతుంది. ఆ ఆస్తి తమకివ్వమని రాజుని అడగడానికి అప్పుడే కొందరు బయల్దేరారు. పాతిపెట్టిన శవాన్ని తవ్వి తీసి పరీక్ష చేశారు. పుకారు నిజం కాదని తేలింది అంటాడు.

తనమీద జరిగిన కుట్ర గురించి పేజీలు రాశాడు. ఎవరు తెచ్చారు, ఎవరిచ్చారు, ఎన్నేళ్ల వాడు, అన్నీ ఉన్నాయి. నేను చదివినంతలో ఆ కుర్రాడి పేరు కనబడలేదు. గుర్రం గురించైనా "మంచిది" అంటాం చూడండి, అలాంటి విశేషణం ఒకటి తగిలించి వదిలేశాడు. రెరెస్‌బీ మీద అప్పటిదాకా పుట్టిన కాస్త ఇష్టం ఆ రాత్రి పోయింది. రెండు వారాలు ఫైలు తెరవలేదు.

మళ్లీ తెరిచింది యార్క్ కోసం. అక్కడి కోటలోని క్లిఫర్డ్స్ టవర్ మెట్లెక్కి లోపలికెళ్తే పైకప్పు లేని బురుజు. ఆయన గవర్నరుగా ఉండగా, 1684 ఏప్రిల్ 23 రాత్రి లోపల అంటుకుని తగలబడిపోయింది. సైన్యం తమ ఊళ్లో ఉండటం ఇష్టంలేని యార్క్ జనానికి ఆ బురుజంటే మంట. దాన్ని "కీమా పై" అని వెక్కిరించేవాళ్లు, అది కూలాలని తాగేటప్పుడు మొక్కుకునేవాళ్లట. కాబట్టి ప్రమాదమా, ఎవరైనా చేశారా అన్న అనుమానం అప్పుడే పుట్టింది. ఎవరూ చనిపోకపోవడం ఆ అనుమానాన్ని ఇంకా పెంచింది.

1688 నవంబరు. హాలండ్ పాలకుడు, రాజు అల్లుడు ఆరెంజ్ విలియం దక్షిణాన సైన్యంతో దిగాడు. అన్న రెండో ఛార్లెస్ తర్వాత గద్దెనెక్కిన క్యాథలిక్కు రెండో జేమ్స్ రాజు దండుల్ని కిందికి పిలిపించుకున్నాడు. యార్క్‌లో గవర్నర్ చేతికింద మిగిలింది ఒక్క కంపెనీ. 22వ తేదీన జిల్లా పెద్దలంతా సభ పెట్టారు. క్యాథలిక్కులు తిరగబడ్డారని ఎవరో వచ్చి కేక వేశారు. ఆ గందరగోళంలో సుమారు నూరుమంది గుర్రాల మీద మిలీషియా దగ్గరికి దౌడు తీశారు, స్వేచ్ఛగా ఎన్నికైన పార్లమెంటు కావాలి, క్యాథలిక్ పాలన వద్దు అని అరుస్తూ. ముందున్నది డాన్బీ. పదకొండేళ్ల కిందట రెరెస్‌బీని చెయ్యిపట్టి రాజు దగ్గరికి తీసుకెళ్లిన డాన్బీనే. మిలీషియా అటు తిరిగింది. రెరెస్‌బీ తన కాపలా దళం దగ్గరికి వెళ్లేసరికి అదీ ఆయన మాట వినలేదు. ఎదిరించి లాభం లేదన్నాడు డాన్బీ. గవర్నర్‌ని బసలో ఖైదు చేసి, తర్వాత మాట తీసుకుని థ్రైబర్గ్ వెళ్లనిచ్చారు.

అందరూ గొడుగు తిప్పిన రోజున ఈయన తిప్పలేదు. నిజాయితీ వల్లనా, చేతకాకనా? ముందే కబురంది ఉంటే డాన్బీ వైపు వచ్చేవాడా? రెండువైపులా రాసి చూశాను. జేమ్స్ చేస్తున్నవి ఆయనకి నచ్చలేదని పుస్తకంలో చాలాచోట్ల తెలుస్తుంది. అయినా నగరం తాళాలు తన చేతికిచ్చినవాడి మీద తిరగబడటం ఆయనకి మర్యాదస్థుడి పని అనిపించి ఉండదు. సిరాబుడ్డి విసరడం మాత్రం మర్యాదస్థుడి పనే. ఈ లెక్క నాకు కుదరడానికి చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ మా క్లాసులో సగంమంది ఒప్పుకోరు.

జేమ్స్ దేశం విడిచి పారిపోయాడు, విలియం రాజయ్యాడు. రెరెస్‌బీ 1689లో లండన్ వెళ్లి హాలిఫాక్స్‌తో మాట్లాడుతూ, కొత్త రాజ్యంలో తన చోటు చూసుకుంటూ ఉన్నాడు. పుస్తకం మే నెల మొదట్లో, ఎవరో ఏదో అన్నారన్న మామూలు కబురు దగ్గర ఆగిపోతుంది. మే 12న హఠాత్తుగా చనిపోయాడు, 55 ఏళ్లకి. థ్రైబర్గ్‌లో పాతిపెట్టారు.

కొడుకు విలియం మొత్తం ఊదేశాడు. డెనబీ భూమి ఒక కోడిపందెంలో పోయిందని చెబుతారు. 1705లో థ్రైబర్గ్‌ని జాన్ సావిల్‌కి అమ్మేశారు. ఆ విలియం చివరికి లండన్ ఫ్లీట్ జైల్లో పీపాల్లోంచి బీరు పట్టి ఇచ్చే పనిలో కనబడ్డాడని కూడా ఒక కథ. కోడిపందెం మాట చెప్పినప్పుడు మా ఆయన నావైపు చూసి నవ్వాడు, భీమవరం వాడు కదా. బిరుదు 1748 దాకా బతికి ఆగిపోయింది.

వ్యాసం మార్చిలో ఇచ్చేశాను. మార్కులు బాగానే వచ్చాయి. చివరి పేజీ కింద మాస్టారు మళ్లీ పెన్సిల్‌తో, ఆ కుర్రాణ్ని ఊళ్లో పాతిపెట్టి ఉంటే చర్చి రిజిస్టరులో ఎక్కాలి కదా, చూశావా అని రాశారు. చూడలేదు. రిజిస్టరు మైక్రోఫిల్మ్‌కి గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి బుక్ చేశాను. షాపులో షిఫ్టు మార్చుకున్నాను. 1676, పాత లెక్క ప్రకారం మార్చి 25 నుంచి.